ట్రినిడాడు, టొబేగో ప్రజాచరిత్రము – విమర్శనము

కరీబియను సముద్రమున దక్షిణ అమెరికాకు సమీపమునఁ గల ట్రినిడాడు, టొబేగో లను జంటదీవులు 1962 ఆగస్టు 31వ తేదిని ఆంగ్లేయుల యేలుబడినుండి విడివడి స్వతంత్రము లయ్యెను. ఆ సంవత్సరముననే ఆ దేశపు ప్రథమప్రధానియగు డాక్టరు ఎరిక్ విలియమ్సు (1911–1981) 'ట్రినిడాడు, టొబేగో ప్రజల చరిత్ర' యను నాంగ్లగ్రంథమును వెలువరించెను. స్వాతంత్ర్యదినమున ప్రజలకు పతాకముతోపాటు స్వీయచరిత్రమునుగూడ నొసంగవలె నని యాతని యుద్దేశము. గ్రంథకర్త సామాన్యుఁడు కాఁడు. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునఁ బరిశోధనము చేసి, బానిసత్వము తొలఁగుటకు దయాధర్మములకంటె ధనప్రయోజనములే ముఖ్యకారణము లని వాదించిన 1944 నాఁటి గ్రంథముచే విద్వల్లోకమునఁ బేరొందినవాఁడు. అట్టివాఁడు రాజ్యాధికారమునం దుండి వ్రాసిన చరిత్రము నే ప్రమాణముతోఁ బరీక్షింపవలెనో విచారింతము.

రాగద్వేషములను విడిచి, తీర్పరివలె, జరిగినదానిని జరిగినట్లు చెప్పువాఁడే శ్లాఘ్యుఁ డని రాజతరంగిణీకర్తయగు కల్హణుని మతము. విలియమ్సునందు దొరతనముపైఁ గ్రోధము లేకపోలేదు. కాని పూర్వభాగమున నా క్రోధము సాక్ష్యమును మ్రింగివేయలేదు. 1498లోఁ గొలంబసు చూచినది మొదలు స్పెయిను ట్రినిడాడును తనదిగాఁ జెప్పుకొనెను, ఆదివాసులు క్షీణించిరి. 1783లో స్పెయినురాజు విదేశీయులగు కతోలికులకు భూములిత్తు నని శాసనము చేయఁగా ఫ్రెంచివారు తమ బానిసలతో వచ్చి చేరిరి. 1797లో ఆంగ్లేయులు దీవిని బట్టుకొనిరి. టొబేగో పలుమాఱులు చేతులు మాఱి, 1889లో ట్రినిడాడుతోఁ గలుపఁబడెను. ఈ వృత్తాంతమును గవర్నరుల పట్టికగాఁ జేయక, భూమి, పంచదార, కూలి యను మూఁటి సంబంధముగా నితఁడు చూపినాఁడు. అధికారుల లేఖలను, విచారణసంఘముల నివేదికలను విస్తారముగా నుదాహరించి, దొరతనమువారి మాటలతోనే దొరతనమును దోషిగా నిలిపినాఁడు. ఇది యీ గ్రంథమున కుత్తమగుణము.

భారతీయులఁ గూర్చిన యధ్యాయము మనకు విశేషముగాఁ బఠనీయము. 1834లో బానిసత్వము రద్దయి, 1838లోఁ బూర్ణవిముక్తి కలిగినపిదప, చెఱకుతోఁటలకుఁ గూలీలు కావలసివచ్చిరి. 1845 మొదలు 1917 వఱకు సుమారు 1,44,000 మంది భారతీయులు ఒడంబడికపైఁ గొనిపోఁబడిరి. పెక్కండ్రు కలకత్తాయందును, కొందఱు మదరాసునందును ఓడ లెక్కిరి. ఒడంబడిక మీఱినవానికిఁ జెఱసాల. అనుమతిచీటి లేక తోఁట విడుచుట నేరము. ఈ నిర్బంధములను గ్రంథకర్త దాఁచలేదు. అయిన నొక కొఱత గలదు. గ్రంథనామము ప్రజల చరిత్రము. అందు వినఁబడు కంఠములు మాత్రము చాలవఱకు అధికారులవి, తోఁటల యజమానులవి. కూలి తన్నుగూర్చి తాను చెప్పుకొన్నది స్వల్పము. దొరల కాగితములే సాక్ష్యములైనచోటఁ బీడితుఁడు కథావస్తువగునే కాని వక్త గాఁడు.

అంతకంటె గురుతరమగు చిక్కు తుదిభాగమునం దున్నది. 1925 వఱకు శాసనసభలో నెన్నుకొనఁబడిన సభ్యుఁ డొక్కఁడును లేఁడు. 1937లో నూనెబావుల కార్మికులు తిరుగఁబడిరి. 1946లో వయోజనులందఱును తొలిసారి వోట్లు వేసిరి. ఇంతవఱకు నాయకులు పలువురు. 1956లో విలియమ్సు 'పీపుల్సు నేషనల్ మూవుమెంటు' అను పక్షమును స్థాపించి యెన్నికలలో గెలిచినది మొదలు, కథానాయకుఁడును, కథకుఁడును, తీర్పరియు నొక్కఁడే యయ్యెను. 1961లో జమైకా ప్రజలు వెస్టిండీసు సమాఖ్యను విడువఁ దీర్మానింపఁగా, ట్రినిడాడును దానిని విడిచెను. ఆ నిర్ణయము చేసినవాఁడే దాని చరిత్రమును వ్రాసినాఁడు. 1958లో సమాఖ్య యెన్నికలయందుఁ దన పక్ష మోడినపుడు, భారతీయులలో నొక భాగమును శత్రుభావముగల యల్పసంఖ్యాకు లని యితఁడు నిష్ఠురముగాఁ బలికెను. 1962 నాఁటి గ్రంథమునందో, భారతమాత యని, ఆఫ్రికామాత యని వేర్వేఱు తల్లులు వలదు, ఈ దేశమే యందఱకుఁ దల్లి యని బోధించెను. బోధ యాదరణీయమే. కాని యా పలుకునకు నీ బోధకును నడుమఁ గల దూరమును గొలుచుటకు వేఱొక చరిత్రకారుఁడు కావలెను. పలికినవాఁడే తన పలుకునకుఁ దీర్పరి కాఁజాలఁడు.

కావున నీ గ్రంథము త్యాజ్య మని మా యాశయము కాదు. పరపాలనముక్రింద నున్న ప్రజ తన గతమును దానే చెప్పుకొనుట న్యాయము. అందుకు విలియమ్సు చేసిన పూనిక ప్రశంసార్హము. బాలురకు జాతీయచరిత్రమును బోధించు పండితులు దీని పూర్వభాగమును బ్రమాణగ్రంథముగాను, ఉత్తరభాగమును నాయకుఁడొకఁ డిచ్చిన సాక్ష్యముగాను జదువుదురుగాక. పరపాలకు లిచ్చిన సాక్ష్యము నే ప్రశ్నలతో శోధించితిమో, స్వపాలకులు వ్రాసినదానిని సయిత మా ప్రశ్నలతోనే శోధింపవలెను.