రావణుడి ముఖానికీ పచ్చరంగే

మన క్యాలెండర్లలోనూ సినిమాల్లోనూ కృష్ణుడు నీలంగా ఉంటాడు. కేరళ కథకళి రంగస్థలం మీదికి వచ్చేసరికి ఆయనే నిగనిగలాడే ఆకుపచ్చ ముఖంతో కనబడతాడు. కృష్ణుడొక్కడే కాదు, రాముడు, ధర్మరాజు, అర్జునుడు, నలుడు అందరిదీ అదే రంగు. ఆ వేషం పేరే 'పచ్చ'. టూరిస్టుల చేతికిచ్చే కరపత్రంలో దీని గురించి ఒక్క ముక్క రాసి ఉంటుంది: పచ్చ ముఖం అంటే మంచివాడు. చదువుకుని లోపలికెళ్లి కూర్చుంటాం. తెర దిగుతుంది, రావణుడు వస్తాడు. చూస్తే అతని ముఖమూ పచ్చగానే ఉంటుంది.

కరపత్రం అబద్ధమేమీ చెప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. కథకళిలో పచ్చ ముందుగా చెప్పేది పాత్ర స్థాయిని: గొప్ప వంశంలో పుట్టినవాడు, రాజు, ధీరుడు. ఆ స్థాయిని మనిషి నిలబెట్టుకున్నాడా, పోగొట్టుకున్నాడా అన్నది ఆ పచ్చ మీద ఇంకేం దిద్దారో చూస్తే గానీ తెలియదు. అందుకే ఈ రంగును అర్థం చేసుకోవాలంటే నాటకం మొదలవక ముందే అణియరలోకి, అంటే వేషాలు వేసుకునే గదిలోకి వెళ్లాలి.

అక్కడ మొదట కనిపించేది పసుపు రంగు. 'మనయోల' అనే పసుపుపచ్చని ఖనిజాన్ని మెత్తగా నూరి, అందులో నీలం కలిపి, కొబ్బరినూనెతో రంగరిస్తారు. ఈ మనయోల ఆర్సెనిక్, గంధకం కలిసిన సరుకు. మన వీధి భాగవతుల, చిందు యక్షగానం వాళ్ల ముఖాలకు మెరుపు తెచ్చే అర్దళానిదీ ఇదే జాతి. విషం పాలున్న రాయినే దేవుడి ముఖానికి పూస్తున్నారన్నమాట. నీలం పాలు ఎక్కువైతే ముఖం దీపం వెలుగులో నల్లబడిపోతుంది, తక్కువైతే పాండురోగిలా పాలిపోతుంది. తూకం వేసి కలిపేదేమీ ఉండదు. వేలి మీద రాసుకుని, వెలుగుకు ఎత్తి చూసుకోవడమే. పసుపుతో నీలం కలిస్తే హరితం పుడుతుందని నాట్యశాస్త్రం ఆహార్యాభినయం గురించి చెప్పేచోట ఎప్పుడో చెప్పింది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గుడ్డ మీద ఆకుపచ్చ తెచ్చేదీ ఈ దారిలోనే, పసుపూ నీలీ ఒకదానిపై ఒకటి వేసి.

వేషం మూడు దశల్లో సాగుతుంది. మొదటిది 'తేప్పు'. నటుడు చేతిలో చిన్న అద్దం పట్టుకుని నేల మీద కూర్చుని, నుదుటి నామం, కనుబొమల గీతలు, రంగుల హద్దులు తానే గీసుకుంటాడు. రెండోది 'చుట్టి'. ఇప్పుడు నటుడు చాప మీద వెల్లకిలా పడుకుంటాడు. చుట్టి వేసే కళాకారుడు అతని తల దగ్గర బాసిపట్టు వేసుకుని కూర్చుంటాడు. బియ్యప్పిండి, సున్నం కలిపిన తెల్లటి ముద్దను ఒక చెవి దగ్గర మొదలుపెట్టి, దవడ వెంట గడ్డం మీదుగా రెండో చెవి దాకా కట్టలా పేర్చుకుంటూ పోతాడు. వెనకటి రోజుల్లో మొత్తం అంచును ఆ ముద్దతోనే పొర మీద పొరగా లేపేవారు. ఇప్పుడు దళసరి కాగితాన్ని వంపుగా కత్తిరించి ఆ కట్టలో నిలబెడుతున్నారు. అది ఆరేదాకా నటుడు నోరు మెదపకూడదు, ముఖం కదపకూడదు. చాలామంది హాయిగా ఓ కునుకు తీస్తారు. మూడోది 'ఉడుత్తుకెట్టు', ఆ గుమ్మటం లాంటి బట్టల కట్టు. మొత్తం కలిపి మూడు నాలుగు గంటల పని.

చుట్టి వేసేవాడికి చప్పట్లు పడవు. కానీ నన్నడిగితే పచ్చకు ప్రాణం పోసేది అతనే. ఆ తెల్లటి అంచు లేకపోతే ఆకుపచ్చ ముఖం వెనకనున్న చీకట్లో కలిసిపోతుంది. అంచు పడగానే ముఖం విడిగా, మామూలు మనిషి ముఖం కన్నా పెద్దదిగా కనబడుతుంది. 1930లో మహాకవి వళ్లత్తోళ్ నారాయణ మేనోన్, ముకుంద రాజాతో కలిసి స్థాపించిన కేరళ కళామండలంలో చుట్టిని విడిగా ఒక విద్యగా నేర్పుతారు. ఆ మాత్రం గౌరవం దక్కాల్సిందే.

ఆ తర్వాత కళ్ల సంగతి. వంగ జాతికి చెందిన 'చుండ' అనే మొక్క పువ్వులోని చిన్న గింజలాంటి భాగాన్ని అరచేతిలో నలిపి, నల్లటి పూసలా చేసి, కింది రెప్ప లోపల పెట్టుకుంటారు. కాసేపు కళ్లు తిప్పితే తెల్లగుడ్డు నెత్తుటి ఎరుపుకు తిరుగుతుంది. రంగుల చక్రంలో ఎరుపు, ఆకుపచ్చ ఎదురెదురుగా ఉంటాయి. పక్కపక్కన పెడితే రెండూ రెట్టింపు పలుకుతాయి. పచ్చటి ముఖంలో ఎర్రటి కన్ను ఒక్కసారి అటు నుంచి ఇటు కదిలితే వెనక కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది. కథకళి నటుడు నోటితో ఒక్క మాట అనడు, పాట వెనక గాయకులది. అతనికున్నవి చేతి ముద్రలు, ముఖం, కళ్లు. చిన్నతనంలో తెల్లవారుజామున లేచి, కళ్లలో నెయ్యి వేసుకుని చేసే సాధన ఫలం ఈ పచ్చ మీదే బయటపడాలి.

దీనికి తోడు దీపం. రంగస్థలం ముందు నిలువెత్తు ఇత్తడి దీపం, కొబ్బరినూనె, లావుపాటి వత్తులు. వెలుగు ఎర్రగా, కింది నుంచి పైకి, వణుకుతూ పడుతుంది. ఆ వెలుగులో మామూలు ఒంటి రంగు మామూలుగానే ఉంటుంది. ఆకుపచ్చ మాత్రం మనుషుల లోకానిది కాదన్నట్టు ఉంటుంది. ఈ కళ పెరిగింది దీపం ముందే, రంగులన్నీ దాని లెక్కకు తగ్గట్టు కుదిరినవే. ఫోకస్ లైట్ల కింద అదే ముఖం కొత్తగా పెయింటు వేసిన తలుపులా కనిపిస్తుందంటే తప్పు నటుడిది కాదు.

ఇక రావణుడి సంగతి. అతని వేషాన్ని 'కత్తి' అంటారు. అడుగున పచ్చే. దాని మీద ముక్కు పక్కల నుంచి బుగ్గల మీదికి కత్తి ఆకారంలో ఎర్రటి పట్టీ దిద్ది, చుట్టూ తెల్లటి అంచు కడతారు. ముక్కు కొస మీద, నుదుటి మధ్య తెల్లటి గుండ్లు పెడతారు. దుర్యోధనుడు, కీచకుడు కూడా ఈ వేషం వాళ్లే. ప్రవేశం 'తిరనోట్టం'తో. ఇద్దరు మనుషులు అడ్డంగా పట్టిన తెర వెనక చెండ అనే డోలు మోగుతుంటుంది. ముందు తెర అంచు మీద పొడవాటి వెండి గోళ్లు కనబడతాయి. తెర జానెడు కిందికి జరుగుతుంది, కిరీటం కనబడుతుంది, మళ్లీ పైకి పోతుంది. లోపల్నుంచి ఒక గర్జన. చివరికి తెర మెల్లగా దిగి పచ్చ, ఎరుపు, తెలుపు ఒక్కసారిగా ముఖాన కొడతాయి. పచ్చ వేషగాళ్లు గొంతు విప్పరు, కత్తి వేషగాళ్లు ఇలా అరుస్తారు. ఆ అరుపుతోనే ముఖంలోని ఎరుపు బయటికి వినబడుతుంది.

వేదం చదివినవాడు, శివభక్తుడు, మహారాజు అయినవాణ్ని పూర్తిగా నల్లగా చూపిస్తే అది చిన్నపిల్లల కథ అయిపోతుంది. పచ్చను అడుగున ఉంచి ఎరుపు పూయడంలో కథకళి వాళ్ల తీర్పు ఉంది: గొప్పతనం లేక కాదు, దాని మీద అహం పేరుకుని చెడ్డాడని. 1961లో 'సీతారామ కల్యాణం'లో రావణుడుగా, 1977లో 'దానవీరశూరకర్ణ'లో సుయోధనుడుగా ఎన్టీఆర్‌ను చూసి ఈల వేసిన తెలుగువాడికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మిగతా రంగులను చూస్తే పచ్చ లెక్క ఇంకొంచెం తేటపడుతుంది. దుశ్శాసనుడిది ఎర్రగడ్డం వేషం, హనుమంతుడిది తెల్లగడ్డం వేషం. 'కిరాతం' ఆటలో అర్జునుడు పచ్చ, అతణ్ని పరీక్షించడానికి బోయవాడిగా వచ్చిన శివుడు నల్లగడ్డం. సాక్షాత్తూ దేవుడు నలుపులో, మనిషి పచ్చలో! నలుపు ఇక్కడ అడవికి గుర్తు, పచ్చ రాచరికానికి గుర్తు. మంచీచెడుల పట్టికలో వీటిని ఇరికించబోతే ఈ ఒక్క ఘట్టంతోనే పట్టిక చెదిరిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. సీత, ద్రౌపది, దమయంతి ఎవరూ పచ్చలో రారు. స్త్రీ పాత్రలది, మునులది 'మినుక్కు', అంటే ఒంటి రంగుకు దగ్గరగా ఉండే నునుపైన వేషం. ఎంత ధీరురాలైనా ఆ ఆకుపచ్చ ఆమెకు దక్కదు. రాజుల, నంబూద్రుల ఆదరణలో, మగవాళ్లు మగవాళ్ల కోసం తీర్చిన కళ కావడం దీనికి కారణమని నాకనిపిస్తుంది. అయితే ఆ పచ్చను స్త్రీలు వేరే దారిన అందుకున్నారు. మగ వేషాలు కూడా వేసి పేరు తెచ్చుకున్న చవర పారుకుట్టి, 1975 నుంచి మొత్తం ఆడవాళ్లతోనే ప్రదర్శనలిస్తున్న తృప్పూణిత్తుర బృందం అందుకు సాక్ష్యం. కళామండలం మాత్రం అమ్మాయిలకు కథకళి తరగతుల తలుపు 2021లో గానీ తెరవలేదు.

చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. ఫోర్ట్ కొచ్చిలో సాయంత్రం ప్రదర్శనలిచ్చే చోట్ల ముఖానికి రంగు పూయడం ప్రేక్షకుల ముందే జరుగుతుంది, కాబట్టి ఆట వేళకు గంట ముందే వెళ్లండి. వీలుంటే గుడి ఉత్సవాల్లో రాత్రంతా సాగే ఆట చూడటం మేలు. కథ తెలిసినదే పెట్టుకుని, దీపానికి దగ్గరగా నేల మీద కూర్చోండి. పది వరసల వెనకైతే కళ్ల ఎరుపు తెలిసినా బుగ్గల కింద కండరం పలికే పలుకు అందదు, టికెట్టు డబ్బుల్లో సగం దానికే.