వడ్డాది పాపయ్యగారి చిత్రములు

రాక్షసులు, మాంత్రికులు, రెక్కల గుఱ్ఱములు గల కథలను బాలురచే చదివింపరాదనియు, అట్టి కథలకు బొమ్మలు వ్రాయువారు మూఢవిశ్వాసములకు రంగులు పూయుచున్నారనియు సంస్కారప్రియులలో కొందఱు తలచుచుందురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. దయ్యము సోకినదని వైద్యము మాని బిడ్డకు తాయెత్తు కట్టు గృహములు మన దేశమున నింకను కలవు. అట్టిచోట రాక్షసుని బొమ్మను పిల్లవాని చేతికిచ్చుట మేలా యని యడుగుట న్యాయమే. వడ్డాది పాపయ్యగారి చిత్రములను ఈ ప్రశ్నతోనే పరీక్షింప దలచితిమి.

పాపయ్యగారు 1921వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన శ్రీకాకుళమున జన్మించిరి. చిత్రలేఖనోపాధ్యాయులగు తండ్రి రామమూర్తిగారే వారికి తొలి గురువు. అచ్చుపటముల మూలమున ఇంటింటికి వచ్చిన రవివర్మ చిత్రములు వారి బాల్యమును ఆకర్షించెను. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మదరాసున స్థాపించిన చందమామకు వారు పెక్కేండ్లు ముఖచిత్రములు వ్రాసిరి. పెద్దల పత్రికయగు యువకును వ్రాసిరి. మహానగరములను కోరక, బహుకాలము కశింకోటలో నివసించి, 1992 డిసెంబరు 30వ తేదీన కీర్తిశేషులైరి. పటము మూలనుండు వ.పా. అను రెండక్షరములే వారిని లోకమున కెఱిగించినవి.

విక్టోరియా రాణి యేలుబడిలో ఇంగ్లండు నందును ఇట్టి చిత్రకారులుండిరి. యంత్రశాలల పొగ యూళ్లను కమ్ముకొనుచున్న కాలమున, వారు పచ్చికలో దాగు మరుగుజ్జు దేవతలను చిత్రించిరి. వారిలో రిచర్డ్ డాడ్ అనువాడు 1843లో మతి చలించి కన్నతండ్రిని చంపి, బెత్లెం చికిత్సాలయమున నుంచబడెను. అచ్చట 1855 మొదలు 1864 వఱకు, రెండడుగుల యెత్తైనను లేని యొక్క పటముపై శ్రమించెను. గడ్డిపోచల నడుమ కిక్కిరిసిన యా చిన్న దేవతలను వెదకి వెదకి చూడవలెను. చూచినకొలది మనసు కలత చెందును. ఆ పటమున అద్భుతము దాగియుండును. పాపయ్యగారి పటమున నది యెదుట నిలుచును.

ఈ భేదము మా ప్రశ్నకు ముఖ్యమైనది. మన ఆలంకారికులు భయానకమునకు భయమును, అద్భుతమునకు విస్మయమును స్థాయిభావములుగా చెప్పిరి. మూఢవిశ్వాసము భయమునుండి పుట్టును; ఆ భయము కంటికి కానరాని దానినే యాశ్రయించి బ్రతుకును. చింతచెట్టు మీది దయ్యమునకు రూపము లేదు గనుకనే పిల్లవాడు వణకును. పాపయ్యగారి రాక్షసునకు కోఱలు, కిరీటము, మెడలో హారములు, చేత ఆయుధము, అన్నియు స్పష్టముగ నుండును. అతనిని బాలుడు తేఱిపాఱ చూచును, మీసములు కొలుచును, నవ్వును. చూడదగిన దానికి వాడు భయపడడు. కావున నీ బొమ్మలు మూఢత్వమును పెంచుననుట పొరపాటని మా నిర్ణయము.

మఱియొక మేలును కలదు. మా పొదిలి మొదలు గిద్దలూరు వఱకు గల మెట్టసీమలో బాలురకు చిత్రశాలలు చూచు భాగ్యము లేకుండెను. గోడమీది దేవుని పటమును, నెలకొకసారి వచ్చు పత్రిక యట్టయు వారికి చిత్రశాలలు. మార్కాపురపు రాతిపలకమీద బలపముతో ఆ యట్టబొమ్మను దింపిన పిల్లలకు, చేయి చేసిన దానిని కన్ను సరిదిద్దుట యను విద్య యుచితముగ లభించెను.

గుణములు చెప్పి దోషము విడుచుట విమర్శ కాదు. వారి స్త్రీమూర్తులలో పెక్కు విశాలనేత్రములతో, సన్నని నడుముతో, ఒడలినిండ నగలతో నొక్క యచ్చున పోసినట్లుండును. జానపద కథలలో స్త్రీ తఱచు బుద్ధిశాలిని: చిక్కుప్రశ్న విప్పును, దొంగను మోసపుచ్చి యిల్లు కాపాడును, తెలివిమాలిన మగనిని దారికి తెచ్చును. బొమ్మలో నామె యాలోచన కంటె అలంకారమే ముందుగ కనబడును. ఇది రవివర్మ నాటినుండి వచ్చిన సంప్రదాయమని సమర్థింపవచ్చును. పెద్దలు చదువు యువలో నది తప్పు కాకపోవచ్చును. ఎనిమిదేండ్ల బాలిక చదువు పత్రిక మాట వేఱు. కథ యామెకు తెలివిని మెచ్చుకొనుట నేర్పుచుండగా, బొమ్మ సొగసును మాత్రమే మెచ్చుకొనుట నేర్పినచో, రెంటిలో బొమ్మయే మనసున నిలుచును. చిత్రకారుని నేర్పు గొప్పదైనకొలది ఈ హాని యెక్కువ.

అందులకై బొమ్మలను దాచివేయ నక్కఱలేదు. ఇంటిలోని పెద్దలు పిల్లలతో కూర్చుండి, రాక్షసుని చూపి యిట్టివాడు నిజముగ కలడా యనియు, రాకుమారిని చూపి యీమె యేమి యోచించుచున్నదనియు నడుగవలెను. చందమామ యిప్పుడు వెలువడుట లేదు. పాత సంచికలు అటకలపై నున్న యిండ్లు మాత్రము కలవు. వానిని చిత్తుకాగితములతో తూకమునకు వేయక పిల్లల చేతికీయవలెను. పిమ్మట రంగులును కుంచెయు నిచ్చి, కథలోని యా స్త్రీని తమకు తోచినట్లు వ్రాయుడని చెప్పవలెను.