మూడవ సంపుటం కోసం: గిస్సింగ్ నవలలో రాతకూలి

పొట్టకూటి రచయితలకు పర్యాయపదంగా స్థిరపడిన లండన్ వీధి గ్రబ్ స్ట్రీట్ పేరును 1830లో మిల్టన్ స్ట్రీట్‌గా మార్చారు. పేరు మారినా ఆ బతుకు మారలేదన్న వ్యంగ్యం జార్జ్ గిస్సింగ్ 1891లో వెలువరించిన ‘న్యూ గ్రబ్ స్ట్రీట్’ నవల శీర్షికలోనే ఉంది. ప్రతిభకూ వ్యాపారానికీ మధ్య జరిగిన పోరాటంగా, అందులో ప్రతిభ ఓడిపోయిన కథగా ఈ నవలను చదవడం పరిపాటి. ఆ పఠనం తప్పు కాదు గానీ, చాలదు. గిస్సింగ్ చూపించినది అంతకంటే నిర్దిష్టమైన విషయం: రాతకు డబ్బు ఏ కొలతతో చెల్లిస్తారో, ఆ కొలత రచన లోపలికి వచ్చి తిష్ఠ వేస్తుంది.

ఆనాటి కొలత మూడు సంపుటాలు. కొత్త నవల వెల 31 షిల్లింగుల 6 పెన్సులు. కథానాయకుడు ఎడ్విన్ రియర్డన్ తొలిరోజుల్లో ఒక ఆస్పత్రిలో గుమాస్తాగా చేరినప్పుడు అతని జీతం వారానికి ఒక పౌండు, అంటే 20 షిల్లింగులు. నవల కొనాలంటే అటువంటి గుమాస్తాకు వారంన్నర జీతం కావాలి. అందువల్ల పాఠకులు కొనేవారు కారు. మ్యూడీ వంటి చందా గ్రంథాలయాల నుంచి తెచ్చుకునేవారు. ఏడాదికి ఒక గినీ చందాకు ఒకసారి ఒక సంపుటం ఇచ్చేవారు. ఒకే నవల మూడు ముక్కలుగా ఉంటే ముగ్గురు చందాదారుల చేతుల్లో ఏకకాలంలో తిరుగుతుంది. గ్రంథాలయానికి లాభం, ప్రచురణకర్తకు అమ్మకం ఖాయం. మిగిలిన పని రచయితది: కథ ఎంత ఉన్నా మూడు సంపుటాలూ నింపాలి.

రియర్డన్‌ను చంపినది ఈ నింపుడే. గ్రీకు, లాటిన్ సాహిత్యాల మీద మమకారం పెంచుకున్న అతనికి చెప్పదలచుకున్నది కొంచెమే; అది మితంగా చెప్పగల మనిషి. అద్దె గడువు దగ్గర పడుతున్నప్పుడు బలవంతంగా సంభాషణలు పొడిగిస్తాడు, రాసింది చింపేస్తాడు, మళ్ళీ మొదలుపెడతాడు. నిద్ర పట్టదు. పగలంతా బల్ల ముందు కూర్చున్నా వాక్యం కదలదు. భార్య ఏమీ దాన్ని మొదట బద్ధకమనుకుంటుంది. ఈ అధ్యాయాలు చదివిన వైద్యుడెవరైనా దీన్ని కుంగుబాటుగా గుర్తిస్తాడు. గిస్సింగ్ దానికి జబ్బు పేరు పెట్టకుండా, ఏ రోజు ఎన్ని పుటలు సాగాయో లెక్కపెడుతూ చూపించడం ఈ నవలలోని గొప్ప భాగం.

ఆ నవల కూడా మూడు సంపుటాల్లోనే వచ్చింది. గిస్సింగ్ దాన్ని 1890 చివరి నెలల్లో రాసి, హక్కులన్నీ కలిపి 150 పౌండ్లకు అమ్ముకున్నాడు. సాహిత్యపు సంత గురించి పాత్రలు ఒకరికొకరు పదేపదే వివరించుకునే చోట సాగతీత స్పష్టంగా కనిపిస్తుంది. దీన్ని దోషమనక తప్పదు. కానీ వైద్యుడే రోగిగా కూడా ఉన్న సందర్భం ఇది. రోగం వర్ణనలో ఉన్నంతగా వర్ణించే పద్ధతిలోనూ ఉంది. 1894లో గ్రంథాలయాలు సంపుటానికి నాలుగు షిల్లింగులకు మించి ఇవ్వబోమని ప్రకటించాక, కొద్ది ఏళ్ళలోనే మూడు సంపుటాల నవల అంతరించింది. కళారూపంగా విమర్శకులు గౌరవించిన వస్తువు ఒక చెల్లింపు షరతు మారడంతో మాయమైంది.

ఆల్ఫ్రెడ్ యూల్ కథకు విమర్శకులు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. పత్రికలకు పాండిత్య వ్యాసాలు రాసి బతికే ఈ ముసలాయన కళ్ళలో శుక్లం మొదలైన సంగతిని మొదట పసిగట్టేది, దారిలో తారసపడిన, చితికిపోయిన ఒక మాజీ సర్జన్. ఆనాటి వైద్యంలో శుక్లం ముదిరితే గాని శస్త్రచికిత్సకు పూనుకునేవారు కారు. అంటే చూపు పూర్తిగా మసకబారేదాకా ఆగాలి. జీతగాడికి ఆ ఎదురుచూపు బాధ మాత్రమే. పుటకింత అని సంపాదించేవాడికి అది ఆదాయం ఆగిపోవడం. సెలవు లేదు, పింఛను లేదు. భారం కూతురు మేరియన్ మీద పడుతుంది. బ్రిటిష్ మ్యూజియం పఠనశాలలో తండ్రి కోసం వ్యాసాలు అల్లే ఆ అమ్మాయి, పత్రికలో ‘సాహిత్య యంత్రం’ అన్న ప్రకటన చూసి, తనలాంటివాళ్ళ పని చేసిపెట్టే యంత్రం వచ్చిందని ఒక్క క్షణం ఆశపడుతుంది. అది పుస్తకం నిలబెట్టుకునే ఒక సాధనం మాత్రమే. ఆమె కోరుకున్న యంత్రం వచ్చేసిన ఈ రోజుల్లో ఆ ఘట్టాన్ని నవ్వుతూ చదవడం కష్టం.

జాస్పర్ మిల్వెయిన్‌ను దుర్మార్గుడిగా చూడటం కూడా అన్యాయమే. రచన ఒక వ్యాపారమని అతను బాహాటంగా చెబుతాడు, వేళకు రాస్తాడు, గెలుస్తాడు. చివరికి రియర్డన్ భార్యనే పెళ్ళాడతాడు. గిస్సింగ్ అతన్ని అసహ్యించుకుంటాడు గానీ అతని లెక్కలో తప్పు పట్టలేడు.

తెలుగు పాఠకుడికి ఈ ఏర్పాటంతా పరిచయమున్నట్టే తోస్తుంది. 1970, 80 దశకాల్లో మన పట్టణాల్లో వీధికొకటిగా వెలసిన అద్దె పుస్తకాల దుకాణాలు మ్యూడీకి చిన్న తమ్ముళ్ళు. వారపత్రికల సీరియల్ మన మూడు సంపుటాలు. ప్రతివారం కథ ఒక ఉత్కంఠ దగ్గర ఆగాలి. ఆదరణ ఉన్నంతకాలం సాగాలి. ‘వ్యాపార నవల’ అన్న తిట్టుతో సరిపెట్టుకున్న మన విమర్శ ఆ సాగతీతను రచయితల, ముఖ్యంగా రచయిత్రుల, అభిరుచిలోపంగా లెక్కగట్టింది. పారితోషికం వారానికింత అని ఉన్నప్పుడు కథ వారానికింత అని ఎందుకు నడిచిందో అడగలేదు. ఒకే ప్రతి వందమంది చేతులు మారినా దుకాణం సంపాదించింది గానీ, ఆ అద్దెలో రచయితకు దమ్మిడీ రాలేదు. బ్రిటన్‌లో 1979 చట్టం ప్రకారం ప్రజా గ్రంథాలయాల్లో పుస్తకం అరువు వెళ్ళినప్పుడల్లా రచయితకు కొంత సొమ్ము జమ అవుతుంది. భారతదేశంలో అటువంటి హక్కు లేదు. మద్రాసు వెళ్ళి సినిమా పాటలు రాసిన మన కవుల విషయంలోనూ అంతే. గీతరచయిత తన రాయల్టీ వాటాను పూర్తిగా వదులుకోనవసరం లేదని కాపీరైటు చట్టం చెప్పినది 2012 సవరణతో.

చట్టాలు ఉన్నంత మాత్రాన కడుపు నిండుతుందని కాదు. రచనే ప్రధాన వృత్తిగా ఉన్న బ్రిటిష్ రచయితల మధ్యస్థ వార్షికాదాయం 2006లో 12,330 పౌండ్లు. 2022 నాటికి అది 7,000కు పడిపోయింది.

అందుకే తెలుగులో చాలామంది మేలైన రచయితలు మరొక జీతం నీడన రాశారు. చలం పాఠశాలల ఇన్‌స్పెక్టరు, బుచ్చిబాబు ఆకాశవాణి ఉద్యోగి, రావిశాస్త్రి వకీలు. ఇంగ్లీషులో ఈ దారికి పెద్దదిక్కు ఆంథొనీ ట్రోలప్. 1867 దాకా తపాలాశాఖలో పనిచేస్తూ, తెల్లవారుజామున గడియారం ముందు పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున రాశాడు. మరణానంతరం 1883లో వచ్చిన ఆత్మకథలో పుస్తకాల వారీగా ఆదాయం కూడా చెప్పాడు. దాంతో అతని కీర్తి కొంత మసకబారింది.

విదేశాల్లోని తెలుగు రచన దాదాపు మొత్తంగా ట్రోలప్ దారిదే. వైద్యులు, ఇంజనీర్లు, ఆచార్యులు సెలవురోజుల్లో రాస్తారు. వెబ్ పత్రికలు డబ్బివ్వవు, ఎవరూ అడగరు. మార్కెట్ బెడద లేని ఈ స్వేచ్ఛను తరచుగా గర్వంగా చెప్పుకుంటారు. కానీ దీనికీ ఒక కొలత ఉంది. అది శని, ఆదివారాల కొలత. కథ, కవిత, జ్ఞాపకం అందులో ఇముడుతాయి. మూడేళ్ళు ఏకధాటిగా కూర్చుని రాయవలసిన నవల ఇమడదు. అక్కడి తెలుగువారి గురించి అటువంటి నవలలు అరుదుగా వస్తున్నాయంటే, దానికి కారణాన్ని ప్రతిభలో కంటే ముందు కేలండరులో వెతకాలి.