పీఎల్/0లో ఒక సెమీకోలన్

నిక్లాస్ విర్త్ 1976లో వెలువరించిన ‘ఆల్గరిథమ్స్ + డేటా స్ట్రక్చర్స్ = ప్రోగ్రామ్స్’ గ్రంథంలో కంపైలర్ నిర్మాణాన్ని బోధించడానికి రూపొందించిన పీఎల్/0 భాష ఎంత చిన్నదంటే, దాని వ్యాకరణం, అంటే పేర్లు, సంఖ్యలు, గుర్తుల వంటి టోకెన్లు ఏ వరుసలో వస్తే ప్రోగ్రామ్ అవుతుందో నిర్ణయించే నియమాల సముదాయం, కొద్దిపాటి పటాలలో ఇమిడిపోతుంది. ఇటువంటి భాషకు సరైన ప్రోగ్రామ్‌లను పార్సర్, అంటే టోకెన్ల వరుసను ఈ నియమాలతో సరిచూసే కంపైలర్ భాగం, స్వీకరించి, తప్పుడువాటిని తిరస్కరిస్తే పరీక్ష ముగిసినట్టే అనిపిస్తుంది గాని, అసలు చిక్కులు ఆ పరీక్షకు అందవు.

తీసివేతనే తీసుకుంటే, సమాసమంటే ‘పదం, తీసివేత గుర్తు, మళ్లీ సమాసం’ అని నియమం రాసినా, ‘సమాసం, గుర్తు, పదం’ అని తిప్పి రాసినా, రెండు వ్యాకరణాలూ స్వీకరించే వాక్యాలు పొల్లుపోకుండా ఒకటే. అయితే 8 - 3 - 2కు మొదటిది కుడివైపు నుంచి జతకట్టి 7 అనీ, రెండవది ఎడమవైపు నుంచి జతకట్టి 3 అనీ విలువ ఇస్తుంది. సరైనదైన రెండవ నియమాన్ని ఉన్నదున్నట్టు ప్రొసీజర్‌గా రాస్తే, అది ఒక్క టోకెన్‌నైనా చదవకుండానే తనను తాను పిలుచుకుంటూ పోతుంది. అందుకే పీఎల్/0 ‘ఒక పదం, ఆపై ఎన్నిసార్లైనా గుర్తు, పదం’ అంటుంది, కానీ ఏ వైపు నుంచి జతకట్టాలో ఆ నియమం చెప్పదు. కాబట్టి పరీక్షలో పోల్చవలసింది పార్స్ ట్రీని, అంటే ఏ ముక్క దేనిలో భాగమో చూపే వృక్షాన్ని.

మరో చిక్కు, పీఎల్/0లో వాక్యం, అంటే ప్రోగ్రామ్‌లోని ఒక ఆదేశం, శూన్యంగా కూడా ఉండవచ్చు. ‘ఎండ్’కు ముందు అదనంగా పడిన సెమీకోలన్‌ను మన్నించే ఈ ఉదారత వల్లనే, ‘వైల్ ఎన్ > 0 డూ’ పక్కన పొరపాటున సెమీకోలన్ పడితే, లూప్ లోపల శూన్యవాక్యం మిగిలి, ఎన్‌ను తగ్గించవలసిన వాక్యం బయటపడి, ఎన్ సున్నా కంటే ఎక్కువైనప్పుడు ఆగకుండా తిరిగే ప్రోగ్రామ్ కూడా వ్యాకరణ దృష్టిలో నిర్దోషమవుతుంది.

‘ఎల్స్’ను విర్త్ అసలే చేర్చకపోవడం మాత్రం వివేకమనే చెప్పాలి, ఎందుకంటే ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు ‘ఇఫ్’ల తర్వాత వచ్చే ఒక్క ‘ఎల్స్’ దేనికి చెందుతుందో సి భాషలో విడిగా చెప్పవలసి వచ్చింది. ఇటువంటి ఏ వ్యాకరణాన్ని ఇచ్చినా అందులో ఇలా ఒకే వాక్యానికి రెండు వృక్షాలకు తావిచ్చే సందిగ్ధత ఉందో లేదో తేల్చగల సార్వత్రిక పద్ధతి అసాధ్యమని 1960ల తొలినాళ్లలోనే రుజువైంది. ఇక పరీక్షల విషయానికొస్తే, ప్రతి నియమమూ ఒక్కసారైనా వాడుకలోకి వచ్చేలా చిన్న వాక్యాలను యాంత్రికంగా పుట్టించే పద్ధతిని పాల్ పర్డమ్ 1972లో ప్రచురించాడు. అది ఏ నియమమూ పరీక్షకు రాకుండా మిగలనివ్వదు గాని, పుట్టించేది వ్యాకరణం నుంచే కనుక, రూపకర్త మనసులోని భాషకూ కాగితం మీది నియమాలకూ మధ్య ఉన్న తేడాను పట్టుకోలేదు. ఆ వాక్యాల పక్కన ఆశించిన వృక్షాలను చేత్తో రాయవలసిన పని మిగిలే ఉంటుంది.