బురద గుంటలో మీథేన్ పొయ్యి

ఇటలీలో నేపుల్స్ పక్కన పొజ్జువోలి అనే ఊరుంది. దాన్ని ఆనుకునే సోల్ఫతారా అనే అగ్నిపర్వత బిలం. నేల బీటల్లోంచి ఆవిరి బుసకొడుతుంటుంది. గాలి నిండా గంధకం వాసన. అక్కడక్కడ కుతకుత ఉడికే బురద గుంటలు. ఆ బురద నీటికి నిమ్మరసమంత పులుపు. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త అర్యన్ పోల్, ఆయన సహచరులు ఇక్కడ దొరికిన ఒక బ్యాక్టీరియా సంగతి 2007లో లోకానికి చెప్పారు. దాని ఇప్పటి పేరు మిథైలాసిడిఫైలం ఫ్యుమరియోలికం. తిండి, నేలలోంచి వచ్చే మీథేన్. 55 డిగ్రీల వేడి, పీహెచ్ 2 దానికి హాయి. పీహెచ్ 1 కన్నా కిందికి దిగినా మీథేన్ తినడం మానదు.

ఆ తినడం ఎలాగో చూడాలి. మీథేన్ అంటే ఒక కార్బన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు. పట్టు దొరకని నున్నటి అణువు. దాని బంధం తెంచడానికి మనకైతే నిప్పు కావాలి. ఈ జీవి కణపు పొరలో రాగి పరమాణువులున్న ఎంజైమ్ ఒకటి ఉంది, పేరు మీథేన్ మోనోఆక్సిజనేజ్. అది ఆక్సిజన్ జంటను విడదీసి, ఒక పరమాణువును కార్బన్‌కూ హైడ్రోజన్‌కూ నడుమ దూరుస్తుంది. మీథేన్ మిథనాల్ అవుతుంది. రెండో ఆక్సిజన్ నీరవుతుంది. ఇందుకు రెండు ఎలక్ట్రాన్లు కణమే ఎదురివ్వాలి, పంటకు ముందు విత్తనం చల్లినట్టు.

ఇక మిథనాల్ వంతు. నన్ను ఎక్కువసేపు ఆపేసింది ఈ మెట్టే. ప్రయోగశాలలో పోషకాలన్నీ ఇచ్చినా ఈ బ్యాక్టీరియా సరిగా పెరిగేది కాదు. పుట్టిన గుంటలోని నీరు కాస్త పోస్తే పుంజుకునేది. ఆ నీటిలో ఏముందో 2014లో అచ్చయిన పరిశోధనతో తేలింది: లాంథనం, సీరియం, ప్రసియోడిమియం, నియోడిమియం. అరుదైన మృత్తికా లోహాలు! మిథనాల్‌ను ఆక్సీకరించే ఎంజైమ్‌లో మామూలుగా కాల్షియం ఉండే చోట ఇక్కడ ఈ లోహాల్లో ఒకటి కూర్చుంటుంది. కాల్షియానికి రెండు ధనావేశాలైతే దీనికి మూడు. పక్కనే ఉన్న పీక్యూక్యూ అనే సహాయక అణువు నుంచి అది ఎలక్ట్రాన్లను మరింత గట్టిగా తనవైపు లాగుతుంది. అలా పదునెక్కిన ఎంజైమ్, విషమైన ఫార్మాల్డిహైడ్ దగ్గర ఆగకుండా, మిథనాల్‌ను ఫార్మేట్ దాకా తీసుకుపోగలదు.

ఈ లోహాలు మనకు దూరపువేమీ కావు. భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలో మోనజైట్ గింజల్లో ఉన్నాయి. కాకపోతే ఆ గింజ పట్టు విడవాలంటే వేడి సల్ఫ్యూరిక్ ఆమ్లమో కాస్టిక్ సోడానో కావాలి. సోల్ఫతారాలో ఆ పని పుల్లటి నీరే చేసిపెడుతోంది: రాతిని కరిగించి లోహాన్ని కణం గుమ్మం దాకా తెస్తోంది. మామూలు నీటిలో ఇవి ఇంతగా కరగవు. ఏ పులుపు ఈ జీవికి శత్రువని అనుకుంటామో, ఆ పులుపే దీని పనిముట్టుకు మొన పెడుతోంది. అయినా ఆ పులుపును ఈ జీవి కణం లోపలికి మాత్రం రానివ్వదు. లోపల దాదాపు తటస్థంగానే ఉంచుకుంటుంది.

తర్వాత ఫార్మేట్ కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. దారి పొడవునా వచ్చిన ఎలక్ట్రాన్లతో కణానికి శక్తి. మీథేన్ తినే బ్యాక్టీరియాలు చాలావరకు ఫార్మాల్డిహైడ్ నుంచో ఫార్మేట్ నుంచో కార్బన్ తీసుకుని ఒళ్లు కట్టుకుంటాయి. ఇది అలా కాదు. మీథేన్‌ను పూర్తిగా కాల్చేసి, ఒంటికి కావలసిన కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్ నుంచే తీసుకుంటుంది, మన వరిపైరు వాడే కాల్విన్ చక్రంతోనే.

మొదటి మెట్టు ఎంజైమ్‌కు దీని జన్యువుల్లో మూడు నమూనాలున్నాయి. మూడోది ఎందుకో చాలాకాలం అంతుపట్టలేదు. 2020లో ప్రొపేన్ ఇచ్చి చూస్తే ఆ జన్యువుల పని పెరిగింది. మీథేన్, ఈథేన్ కలిసి ఉంటే రెంటినీ ఒకేసారి తింటుంది. అవి తరిగాకే ప్రొపేన్ జోలికి వెళ్తుంది. మన వంటింటి సిలిండర్‌లో ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. అందులో మొదటిదానితో ఈ జీవి పెరగగలదు, రెండోదాన్ని ముట్టదు.