ధర్మవ్యాధుడి ఇల్లు, కౌశికుడి గుమ్మం

ధర్మవ్యాధోపాఖ్యానాన్ని మనం తల్లిదండ్రుల సేవను మెచ్చే కథగా చదువుతాం. పరీక్షల్లోనూ అదే రాస్తాం. నా దృష్టిలో ఇది భయం గురించిన కథ కూడా.

మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పిన కథ ఇది. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించడంతో తెలుగులోకి వచ్చింది. ఎఱ్ఱన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. మా కొండపల్లి ఖిల్లా కూడా రెడ్డిరాజులు ఏలినదే.

చెట్టు కింద వేదం వల్లిస్తున్న కౌశికుడి మీద కొంగ రెట్ట వేస్తుంది. అతడు కోపంగా చూడగానే అది చచ్చి పడుతుంది. తరువాత భిక్షకు వెళ్ళిన చోట, భర్త సేవలో ఉండి ఆలస్యం చేసిన గృహిణి తాను కొంగను కానని గుర్తుచేస్తుంది, మిథిలలో మాంసం అమ్మే వ్యాధుడి దగ్గరకు పంపుతుంది. ఇంతవరకు మీకు తెలిసినదే.

సంస్కృత మూలంలో వ్యాధుడు చివర ఒక కబురు చెబుతాడు: కౌశికుడు అనుమతి అడగకుండా ఇల్లు వదిలాడు, ముసలి తల్లిదండ్రులు అతని కోసం దుఃఖించి చూపు పోగొట్టుకున్నారు. చూపుతో కొంగను చంపినవాడి ఇంట్లో చూపే పోయింది. కవి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పడు, మనమే కలుపుకోవాలి. తాను నరకంలో పడిపోతుండగా పైకి తీశావని కౌశికుడు వ్యాధుడితో అంటాడు. అంతవరకు ఇతరులను భయపెట్టిన తపస్వికి భయం తెలిసింది అప్పుడే.

వ్యాధుడి ఇంట్లో మాత్రం భయం కనిపించదు. అతని తల్లిదండ్రులు భోజనం చేసి, తెల్లని బట్టలతో మంచి ఆసనాల మీద కూర్చుని కొడుకును దీవిస్తారు. వాళ్ళు ముసలివాళ్ళే కాని రోగులు కారు. అయితే వ్యాధుడు అక్కడే ఒక మాట అంటాడు: వాళ్ళకు ఇష్టమైతే అధర్మంతో కూడిన పనైనా చేస్తానని. తరగతిలో నేనూ ఏళ్ళపాటు ఈ మాటను తొందరగా దాటేశాను.

కొండపల్లిలో మా అమ్మ మంచం పట్టిన ఏడాది అది నన్ను ఆపింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఉప్పు బాగా తగ్గించమన్నారు డాక్టరుగారు. ఆమె ఆవకాయ అడిగేది. బెజవాడ దుర్గమ్మకు మొక్కుకున్నాను, పక్కింటావిడ దర్గా నుంచి తెచ్చిన తాయెత్తూ కట్టాను. అందులో నమ్మకమెంతో, భయమెంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. ఒక మధ్యాహ్నం అన్నంలో కాస్త ఆవకాయ కలిపి పెట్టాను. ఇష్టంగా తింది. ఆ రాత్రంతా ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను. వ్యాధుడి మాటలో అలాంటి రాత్రి లేదు.

ఇది ఉపాఖ్యానంలో లోపమేనని నా అభిప్రాయం. ఉపదేశానికి అధ్యాయాలకు అధ్యాయాలు ఇచ్చిన మూలం, కౌశికుడు ఇంటికి వెళ్ళి సేవ చేసిన సంగతిని ఒక్క శ్లోకంలో ముగిస్తుంది. చూపులేని ఆ తల్లి కొడుకును ఎలా గుర్తుపట్టిందో, గుమ్మంలో ముందుగా ఎవరు మాట్లాడారో అందులో లేదు.