తాటిచెట్టు కింద తేనె

నేను నవలలు రాసుకునేదాన్ని. ఎవరైనా బలవంతపెడితే ఇంకొకరి నవల మీద కూడా నాలుగు మాటలు రాస్తూంటాను. ఈ వారం మాత్రం ఒక గ్లాసుడు బీరు మీద విమర్శ రాస్తున్నాను. ముక్కు విరవకండి. పేజీ తిప్పేసి వంటల శీర్షికకి వెళ్ళిపోకండి. అక్కడ ఎలాగూ మజ్జిగపులుసే ఉంటుంది.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. నేను కూర్చున్నది తాటిచెట్టు కింద కాదు, హైదరాబాదులో అద్దాల మేడలో. తీసుకెళ్ళింది మా చెల్లెలి కూతురు. కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. "పెద్దమ్మా, నువ్వు నవలల్లో మొగవాళ్ళందరిచేతా తాగిస్తావు. దాని రుచేమిటో నీకు తెలియదు. ఒక్కసారి చూస్తే ఏమవుతుంది?" అంది. మాట నిజమే. నా నవలల్లో తాగుబోతులు లేని నవల లేదు. తాగినవాడు తూలడం రాశాను, తిట్టడం రాశాను, ఏడవడం రాశాను. వాడి నాలిక మీద ఏముందో ఒక్క వాక్యం రాయలేదు.

ఆ చోట బీరు వాళ్ళే కాస్తారు. 2015లో తెలంగాణ ప్రభుత్వం నిబంధనలు తెచ్చాక ఇలాంటివి నగరంలో వెలిశాయి. పెద్ద పెద్ద రాగి రంగు పీపాలు అద్దం వెనకాల మెరుస్తూంటాయి, మన దేవుడి గదిలో బిందెల్లాగ. చేతికొక అట్ట ఇచ్చారు. అందులో ఒక్కొక్క బీరుకీ ఒక్కొక్క పేరా. మా ప్రచురణకర్త నా నవలల వెనక అట్ట మీద కూడా అంత రాయించడు. ఏ గింజ వేశారు, ఏ పువ్వు వేశారు, ఎంత శాతం మత్తు ఉంది, ఏ తిండితో తాగితే బాగుంటుంది, అన్నీ ఉన్నాయి. మేము తెప్పించుకున్నది తేనె వేసి కాచిన మసక బీరు. మత్తు ఐదు శాతం.

గ్లాసు వచ్చింది. చూడగానే చెయ్యి ఆగిపోయింది.

బీరంటే సినిమాల్లో చూపించినట్టు బంగారు రంగులో, అవతలి మనిషి మొహం కనిపించేలా ఉంటుందనుకున్నాను. ఇది అలా లేదు. పలచటి పసుపు, దాని నిండా తెల్లటి మబ్బు. ఇటునుంచి అటు కనిపించదు. "పాడైపోయిందేమోనే" అన్నాను. "అలాగే ఉండాలి పెద్దమ్మా, అదే దాని గొప్ప" అని నవ్వింది. గోధుమలో, ఓట్సులో ఉండే మాంసకృత్తులూ, అడుగుకి దిగకుండా తేలుతూండే ఈస్టూ కలిసి ఆ మసక ఇస్తాయట. వడగట్టరు. వడగడితే రుచి పోతుందంటారు. అమెరికాలో ఈ మసక బీర్లకి మోజు పెరిగి, 2018లో అక్కడి బీరు తయారీదార్ల సంఘం వీటిని ప్రత్యేకమైన కోవగా గుర్తించింది కూడా.

ఇక విమర్శ. వాసన బాగుంది. మొదట పండిన నారింజ తొక్క గిల్లినట్టు, ఆ వెనకే తేనెపట్టు పిండిన చేతి వాసన. ఆ వాసన చూసి పానకంలా తియ్యగా ఉంటుందనుకుని గుక్క వేశాను. తీపి లేదు! నాలిక మీద మెత్తగా, గంజిలా ఒత్తుగా జారింది. చివర్న వేపపువ్వంత చేదు నిలబడింది. తేనె ఎక్కడ? అట్ట మీద మూడుసార్లు తేనె అని రాశారు కదా?

తరవాత తెలుసుకున్నాను. తేనెలో ఉండేదంతా దాదాపు చక్కెరే. అందులోనూ ఈస్టు సులువుగా తినేసే చక్కెర. తీపంతా అది తినేసి మత్తుగా మార్చేస్తుంది. మనకి మిగిలేది వాసన. ఆ వాసన కూడా మరుగుతూన్న పీపాలో తేనె ముందే పోస్తే ఆవిరైపోతుంది. పొయ్యి దించే వేళకో, ఆ తరవాతో పోయాలి. ఇక్కడ కాచినవాడికి ఆ ఒడుపు తెలుసు. అట్ట రాసినవాడికి మాత్రం తేనె వేస్తే తియ్యగా ఉంటుందనే తెలుసు. అదొక్కటీ దోషం. బవేరియాలో 1516లో ఒక చట్టం చేశారు, బీరులో బార్లీ, హాప్స్ పువ్వులు, నీళ్ళు తప్ప మరేమీ వేయకూడదని. ఆ న్యాయస్థానంలో అయితే మా గ్లాసు మొత్తం దోషే. మన న్యాయస్థానంలో కాదు. మనకి మధువు అంటే తేనే, మధువు అంటే మద్యమే. తేనెతో చేసే మద్యానికి ఇంగ్లీషు వాళ్ళు వాడే 'మీడ్' అన్న మాటకీ దీనికీ మూలం ఒకటే. పెళ్ళికొడుక్కి తేనె, పెరుగు కలిపి ఇచ్చే మధుపర్కం మనదే. ఇప్పుడా తేనె సంగతి వెనకబడి, మధుపర్కాలంటే అంచు తెల్లబట్టలే అయిపోయాయనుకోండి.

మొత్తానికి మంచి బీరు. అంతటితో వ్యాసం ముగించెయ్యొచ్చు. కాని చెయ్యి ఆగిపోయిందన్నానే, అది ఎందుకో చెప్పలేదు.

ఆ మబ్బు నాకు కొత్త కాదు. కోరుట్లలో మా అమ్మమ్మ లొట్టిలో రోజూ చూసిందే.

అమ్మమ్మ బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. పొద్దున్నుంచి వెయ్యి బీడీలు చుట్టి, కట్టలు కట్టి, లెక్క అప్పజెప్పి వచ్చాక అరుగు మీద కూర్చుని తన లొట్టి తను తాగేది. పక్కన గిన్నెలో గుడాలు. ఎవరికీ దాచేది కాదు, ఎవరూ అడిగేవారూ కాదు. ఆ వయసు ఆడవాళ్ళు ఆ వాడకట్టులో అలా తాగడం వింత కాదు. పండగనాడు ఎల్లమ్మకి సాక పోశాకే ఇంట్లోవాళ్ళు తాగాలి. అంత మర్యాద ఉండేది దానికి.

"ఏంది బిడ్డా గట్ల సూస్తున్నవ్? మబ్బుల దించిన ఈతకల్లు. సల్వ జేస్తది" అని, వేలు ముంచి నా నాలిక మీద రాసేది. పులుపూ తీపీ కలిసిన చల్లదనం. ముక్కులోకి సన్నగా నురగ వాసన.

ఆ మబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఇప్పుడు తెలిసింది. చెట్టు కార్చే నీరు మొదట తేటగానే ఉంటుంది. ఈతచెట్టుకైతే మట్టల కింద మెడ దగ్గర చెక్కి లొట్టి కడతారు. తాటిచెట్టుకైతే గెల కొసని రోజూ సన్నగా కోస్తారు. కారిన బొట్టు లొట్టిలో పడగానే గాలిలోదీ, కుండలోదీ ఈస్టు దాన్ని పట్టుకుంటుంది. పులుపు పుట్టించే సూక్ష్మజీవులూ తోడవుతాయి. అవి పెరుగుతున్న కొద్దీ తేటనీరు పాలలా తెల్లబడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే అవి పెరగవు, అది నీరా. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది దానికోసమే. కల్లులో కూడా మత్తు నాలుగైదు శాతం. పీపాలో కాచినవాడి మసకా, చెట్టెక్కినవాడి మసకా రెండూ ఈస్టు పుణ్యమే. తేడా ఏమిటంటే బీరులో హాప్స్ పువ్వు కాపలా ఉంటుంది, నిలవుంటుంది. కల్లుకి కాపలా లేదు. పొద్దున తేనె, మధ్యాహ్నం కల్లు, మర్నాటికి పులిసి పనికిరాదు. మోకు, ముస్తాదు బిగించుకుని రోజూ అంత ఎత్తు ఎక్కి దించేవాడి ప్రాణం మాత్రం ఒక్క తాడు మీద ఉంటుంది. 2024లో ప్రభుత్వం గీతకార్మికులకి 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో జారిపోకుండా పట్టుకునే సరంజామా ఇవ్వడం మొదలుపెట్టింది. అంతవరకూ వాళ్ళ రక్షణ వాళ్ళ కాళ్ళే.

ఇంత మర్యాదగల అమ్మమ్మని నేనేం చేశానో చెప్పాలి.

జగిత్యాలలో బి.ఏ. చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. ఒక ఆదివారం అమ్మమ్మ బస్సెక్కి వచ్చింది, మూటలో సకినాలు కట్టుకుని. ఆమె చీర కొంగుకి తంబాకు వాసన, నోటికి పొద్దుటి కల్లు వాసన. గదిలో నా స్నేహితురాళ్ళు ఇద్దరున్నారు, పెద్ద ఉద్యోగస్తుల పిల్లలు. ఒకమ్మాయి ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని "ఎవరే?" అంది. నేను "మా ఊరామె" అన్నాను.

అమ్మమ్మ విన్నది. నా వైపు చూడలేదు. "అవు బిడ్డా, ఊరామెనే. ఇటు వస్తుంటె గీ మూట ఇచ్చి పొమ్మన్నరు" అని మూట గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయింది. సకినాలు మేం ముగ్గురం తిన్నాం. బాగున్నాయని కూడా అన్నారు. ఆ తరవాత ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుదామన్నా ఆమె లేదు.

అయితే కల్లంతా అమృతమే, చదువుకున్నవాళ్ళకే కళ్ళు లేవు అని నేను రాస్తే, సిరిసిల్లలో ఉన్న మా చిన్నమ్మ ఈ పత్రిక చింపి పొయ్యిలో పెడుతుంది. ఆవిడ కథ వేరు. చిన్నాయన సాంచెల మీద పనిచేసేవాడు. రాత్రంతా మరమగ్గాల చప్పుడులో నిలబడి, తెల్లవారి దుకాణానికి వెళ్ళి రెండు సీసాలు తాగితే గాని నిద్రపట్టేది కాదు. అది కల్లు కాదు. చెట్లు ఇచ్చేది కొంత, తాగేవాళ్ళకి కావలసింది దానికి ఎన్నో రెట్లు. ఆ లోటు పూడ్చడానికి నీళ్ళలో శాక్రిన్ కలిపి, మత్తుకి క్లోరల్ హైడ్రేటో, అల్ప్రాజోలం అనే నిద్రమాత్రల మందో వేస్తారు. జనం దాన్ని మందుకల్లు అంటారు. ఒకపూట అది దొరక్కపోతే చిన్నాయన చేతులు వణికేవి, లేనివాళ్ళతో మాట్లాడేవాడు. చిన్నమ్మ "మీ అమ్మమ్మ తాగింది కల్లు, ఈయన తాగేది ఏందో ఎవలకెర్క?" అనేది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసినప్పుడు నాకు ఆవిడ మాటే గుర్తొచ్చింది.

ఆడవాళ్ళం తాగుడు మాట వింటేనే భగ్గుమనడానికి కారణాలున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఆ తల్లుల కడుపుమంట ముందు నా నారింజ వాసనలూ, వేపపువ్వు చేదులూ ఏపాటివి? అందుకే మిమ్మల్నెవర్నీ తాగమని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

విమర్శ చెయ్యమంటే నేను చెప్పేది ఇది. గ్లాసులో మసక ఉంటే తప్పులేదు. చెప్పడంలో ఉంటేనే తప్పు. ఆ అద్దాల మేడలో కూర్చున్నవాళ్ళకి గ్లాసులో ఏముందో గింజతో సహా అచ్చువేసి చేతికిచ్చారు. సిరిసిల్లలో రాత్రి షిఫ్టు దిగినవాడికి సీసాలో ఏముందో చెప్పినవాడు లేడు. వాడూ డబ్బిచ్చే కొన్నాడు కదా! పదేళ్ళు రుచి మరిగాక కూడా తను తాగుతున్నది చెట్టుదో, మందులకొట్టుదో తెలియకుండానే చిన్నాయన పోయాడు. ఆ బీరు మంచిదని ఎందుకంటున్నానంటే, రుచికి ఒక వంతు, చెప్పిన మర్యాదకి మూడు వంతులు. ఆ మర్యాద మామూలు కల్లుదుకాణానికి కూడా వచ్చినరోజున, తెల్లకల్లు మీద కూడా ఇంతే శ్రద్ధగా, ఇంతే ఇష్టంగా ఒక పేరా రాస్తాను. పోతుతాడుకీ పండుతాడుకీ రుచిలో భేదం చెప్పగలిగినవాళ్ళు కోరుట్ల అరుగుల మీద ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళని ఎవరూ రాయమని అడగలేదు, అంతే.

చెప్పడంలో మసక అన్నాను కదా. హాస్టల్ గుమ్మంలో నేను చేసింది కూడా అదే.

బిల్లు వచ్చింది. ఆ డబ్బుకి అమ్మమ్మ ఎన్ని రోజులు బీడీలు చుట్టాలో లెక్క వేశాను. వేయకుండా ఉండాల్సింది. గ్లాసులో కొంచెం మిగిలిపోయింది. "ఏం పెద్దమ్మా, నచ్చలేదా?" అంది పిల్ల. నచ్చిందని చెప్పి, అమ్మమ్మ సంగతంతా చెప్పాను. లొట్టి, చాట, సకినాల మూట, గుమ్మం, నా మాట, ఆమె మాట. ఆ పిల్ల పుట్టేసరికి అమ్మమ్మ లేదు. విన్నంతసేపూ ఏమీ అనలేదు. చివరికి, "ఆవిడ బీడీలు చుట్టేదనీ, కల్లు తాగేదనీ మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదే" అంది.

మా చెల్లెలు చెప్పకపోవడంలో వింతేముంది? నేనూ ఇరవయ్యేళ్ళుగా నవలలు రాస్తున్నాను. ఒక్కదాంట్లోనూ అమ్మమ్మ లేదు.

ఈ చలికాలం ఈతకల్లు దించే రోజుల్లో ఇద్దరం కోరుట్ల వెళ్తున్నాం. మబ్బులనే లేవాలని పిల్లకి ఇప్పట్నుంచే చెప్పి పెట్టాను.